దూదిబుట్టలో అత్తెసరు

మా నాన్న దస్తగిరి గుడివాడలో ఒక రైసు మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. ఎవడు మట్టిబెడ్డలు కలిపాడు, ఎవడు తడి ధాన్యం తెచ్చాడు, ఎవడు బస్తా కింద కాలు ఆనించాడు అని పొద్దస్తమానం కనిపెట్టి చూసీ చూసీ, ఇంటికొచ్చాక కూడా ఆయన కళ్ళు ఆ పని మానేవి కావు. అమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు వంక కూడా ఓ క్షణం అనుమానంగా చూసి గాని తాగేవాడు కాదు. మా తమ్ముడు మాబుకి ఆయన ముక్కు వచ్చింది. నాకు ఆ చూపు వచ్చింది. ముక్కయితే కనీసం ఊళ్ళో వాళ్ళందరికీ కనిపిస్తుంది, జాగ్రత్త పడతారు.

అలాంటి మనిషి నన్ను బందరు పంపి డిగ్రీ చదివించడానికి ఒప్పుకున్నాడంటే మా అత్త జాన్‌బీ వల్లే. నాన్నకి అక్క. ఇనగుదురుపేటలో పరుపులు కుట్టుకుంటూ ఒంటరిగా ఉండేది. ఒప్పుకున్నాడు గాని షరతు పెట్టాడు.

"కాలేజీకి ఒక్కత్తివీ నడవడానికి వీల్లేదు. పక్కన ఆడపిల్ల ఉండాలి. తోడు తప్పిన రోజున పుస్తకాలు కట్టుకుని గుడివాడ బస్సెక్కెయ్. బతిమాలడాలూ ఏడుపులూ నా దగ్గర పెట్టకు."

తోడుని కూడా అత్తే వెతికింది. అది ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు. హంసలదీవి దగ్గర పల్లెలో తండ్రినీ, ఇంటినీ, గొడ్లనీ నీళ్ళకి వదులుకుని, తల్లి సువార్తమ్మతో పాటు మిగిలిన పిల్ల రాహేలు. ఆ పిల్లని చదివించాలని అక్కడి పాస్టరు గారు బందరులో ఇల్లు వెతుకుతున్నారని తెలిసి, తన ఇంట్లో ఉండమని అత్త కబురు పెట్టింది. జూలైలో నన్ను దింపడానికి వచ్చినప్పుడు నాన్న రాహేలుని నిలబెట్టి అడిగాడు.

"నీ బియ్యం నువ్వు తెచ్చుకుంటావా అమ్మా?"

"తెచ్చుకుంటానండీ. సాయం బియ్యం ఇస్తున్నారండీ మా ఊళ్ళో."

"నేను పంపేవి మా అక్కకీ, మా అమ్మాయికీ. మూడో మనిషికి కాదు. ముందే చెబుతున్నాను, తర్వాత మాటొద్దు."

"అలాగేనండీ."

అంత త్వరగా అలాగేనండీ అనేవాళ్ళని నేను నమ్మను. ఆ పిల్ల చిన్న రేకుపెట్టె వైపు చూశాను. దానికి తాళం ఉంది. తాళం పెట్టుకునేంత ఏముంటుంది ఉప్పెనలో అన్నీ పోయినవాళ్ళకి, అనుకున్నాను.

వానాకాలం పరుపుల పని సాగదు. దూది ఎండదు, పరుపు కుట్టించుకునేవాళ్ళు రారు. బూరుగు దూది నింపిన పెద్ద వెదురుబుట్ట వంటగది మూల ఊరికే పడి ఉండేది. అత్త దాన్ని పొయ్యి చేసింది. సత్తుగిన్నెలో బియ్యానికి సరిపడా నీళ్ళు పోసి కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, తెర్లు రాగానే దింపి, మూత బిగించి, పాత దుప్పటిలో చుట్టి దూదిలో పాతిపెట్టేది. పైన ఒక దిండు. మేం కాలేజీకి వెళ్ళి, మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అత్తెసరు మల్లెమొగ్గల్లా విడివిడిగా, పొగలు కక్కుతూ ఉండేది. గంజి వార్చే పని లేదు, మాడే భయం లేదు, స్టవ్వు మండేది కాసేపే.

"పట్టుపరుపుల మీద దొర్లేవాళ్ళకి తెలీదు దూదిలో ఎంత వేడుందో," అనేది అత్త.

వంటతో పాటు ఆవిడ మాకు బతుకు కూడా నేర్పింది. మేం అడిగినా అడక్కపోయినా నేర్పింది.

"కూరగాయలు పొద్దున కొనకండే. కోనేరు సెంటరుకి దీపాలు పెట్టేవేళ వెళ్ళండి. తట్ట సర్దుకునే మనిషి బేరమాడదు. తోటకూర ఆకు పప్పులోకి, కాడ పులుసులోకి. పప్పు పలచనైతే పప్పుచారు అనండి, ఎవరూ కాదనరు. రెండు ఎండురొయ్యలు వేస్తే సొరకాయక్కూడా పరువొస్తుంది. తడిసిన చెప్పుల్లో పాత పేపరు కుక్కండి. పరీక్షనాడు పెరుగన్నం తినకండి, నిద్రొస్తుంది. పుస్తకం ఎరువిచ్చినా ఇవ్వండి గాని గొడుగు ఇవ్వకండి, అది మళ్ళీ రాదు."

రాహేలు అన్నిటికీ "అలాగేనండీ అత్తయ్యగారూ" అనేది. నేను మాత్రం పేపరు కుక్కితే చెప్పు సాగిపోదా అని వాదించేదాన్ని. సాగింది కూడా. అయినా ఆవిడ ఒప్పుకోలేదు.

మొదటి నెల సుఖంగా గడిచింది. నాన్న మిల్లు నుంచి పాత మసూరి బియ్యం బస్తా బస్సు మీద వేసి పంపేవాడు. కండక్టరు సత్తిబాబు బస్టాండులో దింపితే అత్త రిక్షాలో తెచ్చుకునేది. రాహేలు తెచ్చుకున్న సాయం బియ్యం అట్లకి నానబోసేది. పప్పు లేని రోజున కూడా ఆ అన్నంలో ఉల్లిపాయ పచ్చిపులుసు కలుపుకుని ముగ్గురం గిన్నె ఖాళీ చేసేవాళ్ళం.

ఆగస్టులో అన్నం చెడిపోయింది.

ఎలా చెప్పను? ఒక ముద్దలో సగం మెతుకులు జావ, సగం పంటికింద పలుకులు. నీళ్ళు ఎక్కువ పోస్తే జావ పెరిగింది, తగ్గిస్తే పలుకులు పెరిగాయి. స్టవ్వు మీద కలియబెట్టుకుంటూ వండే అన్నమైతే ఎలాగో సరిదిద్దుకోవచ్చు. దూదిలో పాతిపెట్టాక దాని ఇష్టం.

"అన్నమేంటత్తా ఇలా ఉంది?"

"దూది చెమ్మగిల్లింది," అంది అత్త, తల ఎత్తకుండా.

మర్నాడు అడిగితే మూత వదులైందంది. ఆ తర్వాత బందరు నీళ్ళంది. ప్రశ్న ఒకటే, జవాబులే మారుతున్నాయి. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది అత్త మీద. రాలేదు, ఎందుకంటే నా చూపు అప్పటికే రాహేలు మీద అతుక్కుపోయి ఉంది. అన్నం బాగాలేదని నేను మొహం మాడ్చుకుంటుంటే ఆ పిల్ల మెతుకు వదలకుండా తిని, కంచం వంక చూస్తూ, కిక్కురుమనేది కాదు. బాగాలేని అన్నాన్ని బాగాలేదనని మనిషిని ఏమనుకోవాలి?

ఆ నెలలోనే రంజాను వచ్చింది. అత్తా నేనూ ఉపవాసాలు. పొద్దున వంట రాహేలుకి వదిలినా, సాయంత్రం కూర నేను వండేదాన్ని. వండేటప్పుడు ఉప్పు చూడకూడదు కదా, రాహేలు చూసి చెప్పేది. నేను నమ్మని మనిషి నాలుకని నమ్మి గరిటె అందించాల్సి వచ్చేది.

"ఇంకొంచెం పడుద్ది నఫీసా," అనేది.

ఇంకొంచెం వేసేదాన్ని, కళ్ళు చిట్లించుకుని. కూర ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. అది కూడా నాకు నచ్చలేదు.

ఒక ఉదయం జడ వేసుకుంటూ తలుపు సందులోంచి వంటగదిలోకి చూశాను. రాహేలు డబ్బాలోంచి బియ్యం సోలతో కొలిచి గిన్నెలో పోసింది. అటూ ఇటూ చూసింది. గిన్నెలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి, పెదవులు కదుపుతూ, ఒక గుడ్డలో వేసి మూట కట్టింది. ఆ మూట తీసుకెళ్ళి తన రేకుపెట్టెలో పెట్టి తాళం వేసింది.

పెదవులు కదపడం చూసి, దొంగతనం చేస్తూ లెక్కపెట్టుకుంటోంది కాబోలు అనుకున్నాను. మర్నాడూ చూశాను. అదే పిడికెడు, అదే మూట. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేటప్పుడు పైట కింద ఎత్తుగా ఏదో కనిపించింది. తిరిగొచ్చేటప్పుడు లేదు.

ఇక కథంతా నేనే అల్లేసుకున్నాను. మా నాన్న మసూరిని రోజూ కొంచెం తీస్తోంది, బయట ఎక్కడో ఇస్తోంది, డబ్బా తగ్గినట్టు కనపడకుండా ఏవో చవక బియ్యం తెచ్చి కలుపుతోంది. అందుకే మెతుకు మెతుకుకీ పొత్తు కుదరడం లేదు.

అత్త చెవిన వేస్తే ఆ క్షణమే తేలిపోయేది. వెయ్యలేదు. మంచితనం వల్ల కాదు. రాహేలు వెళ్ళిపోతే నా తోడు పోతుంది, తోడు పోతే నా చదువు పోతుంది. దొంగని చూస్తూ చూస్తూ, ఆ దొంగ పక్కనే గొడుగులో నడుస్తూ, ఇంగ్లీషు నోట్సు ఆ దొంగ దగ్గరే చూసి రాసుకుంటూ రోజులు గడిపాను. అంత కోపం లోపల పెట్టుకుని ఒకే గొడుగులో నడవడం ఎంత కష్టమో నడిచినవాళ్ళకే తెలుస్తుంది. భుజం తగలకూడదు, తడవకూడదు.

రంజాను వెళ్ళాక ఒక శనివారం సాయంత్రం ఎవరూ చూడకుండా డబ్బా మూత తీసి, బియ్యాన్ని అరచేత్తో చదును చేసి, వేలితో "న" అని రాసి మూతపెట్టాను. మా మిల్లులో రాశుల మీద గుర్తులు వేసే పద్ధతే. ఆదివారం సాయంత్రం తీసి చూస్తే గుర్తు లేదు. ఉండదని తెలుసు. నేను అనుకోనిది వేరే సంగతి. బియ్యం పైకి వచ్చాయి. దొంగతనం జరిగితే తగ్గాలి. మా డబ్బాలో పెరిగాయి.

బియ్యం పెంచే దొంగని మా నాన్న కూడా చూసి ఉండడు.

ఆ పై ఆదివారం రాహేలు బయల్దేరగానే అత్తతో లైబ్రరీకని చెప్పి వెనకాలే వెళ్ళాను. చినుకులు పడుతున్నాయి. చర్చి ప్రహరీ పక్కన సైకిళ్ళ వరస ఉంటే దాని వెనక నిలబడ్డాను. కిటికీలోంచి లోపల చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళు కనిపిస్తున్నారు. పాట మొదలైంది. ఒక్కొక్కళ్ళే లేచి ముందుకెళ్ళి, కొంగుల్లోంచి చిన్న చిన్న మూటలు తీసి, ఒక పెద్ద గంపలో బియ్యం పోసి వస్తున్నారు. రాహేలు కూడా లేచింది. మూట విప్పింది. మా గిన్నెలోంచి తీసిన పిడికిళ్ళన్నీ ఆ గంపలో పోసి, ఖాళీ గుడ్డ మడతపెట్టుకుంటూ వచ్చి కూర్చుంది.

వందమంది చూస్తుండగా చేసేదాన్ని దొంగతనమని ఎలా అనను? అయినా మసూరి సంగతి తేలలేదు కదా అని నా బుర్ర ఇంకా పీకుతూనే ఉంది.

ప్రార్థన అయ్యాక ఆ గంపని వరండాలోకి తెచ్చారు. ఒకావిడ పీట వేసుకుని కూర్చుని సోలతో కొలిచి అమ్మడం మొదలుపెట్టింది. బీదాబిక్కీ అరడజను మంది ఆడవాళ్ళు సంచులతో వరసకట్టారు. అందరికంటే ముందు, నెత్తిన కొంగు లాక్కుని, చేతిలో చారల పరుపుగుడ్డతో కుట్టిన సంచి పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాను. ఆ గుడ్డ బందరు మొత్తం మీద ఎవరింట్లో కుడతారో నాకు తెలుసు.

"పోయిన వారం నూకలెక్కువొచ్చినియ్ అరుణకుమారీ," అంటోంది మా అత్త. "ఈసారి పైనుంచి కాదు, అడుగునుంచి కొలువు. సోల ఊపకు, నేను చూత్తానే ఉన్నా."

"దేవుడి బియ్యం దగ్గర కూడా అనుమానమేనా జాన్‌బీ గారూ?"

"అనుమానం దేవుడి మీద కాదమ్మా, సోల మీద."

అత్త సంచి నింపించుకుని వెనక గేటులోంచి వెళ్ళిపోయింది. నేను సైకిళ్ళ వెనకనుంచి కదల్లేదు. భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడ్డాను. రాహేలు.

"నా వెనకాలే వచ్చావా?"

"వచ్చాను. ఆ పిడికెడు ఏంటి?"

"దేవుడి పిడికెడు. వండేముందు కొలత లోంచి ఒక పిడికెడు పక్కన పెట్టాలి. మా అమ్మ పెట్టేది, వాళ్ళమ్మ పెట్టేది. మాలో అందరిళ్ళల్లోనూ అంతే. అది పెట్టకుండా ఎసట్లో బియ్యం పొయ్యడం నాకు చేతకాదు." ఖాళీ గుడ్డని ఇంకో మడత పెట్టింది. "మీ ఇంట్లో అడిగి పెట్టాల్సింది. అడిగితే వద్దంటారని భయమేసింది."

"మరి అత్త?"

రాహేలు తలొంచుకుంది. వాన జోరు పెరిగితే ఇద్దరం చూరు కిందకి జరిగాం.

"మా ఊళ్ళో సాయం బియ్యం జూలైతోనే ఆపేశారు. చేలన్నీ ఉప్పు పట్టిపోయినియ్, మా అమ్మ పంపడానికేమీ లేదు. ఎండుచేపలు మాత్రం పంపింది. నేను వెళ్ళిపోతానని మీ అత్తయ్యగారితో చెప్పాను. నోరుమూసుకుని చదువుకో అన్నారు. ఏం చేస్తారో చెప్పలేదు. రెండు వారాలకి అన్నం చూస్తే తెలిసిపోయింది. ఇన్ని ఇళ్ళ బియ్యం ఒక్క గిన్నెలో పడితే అన్నం అలాగే ఉడుకుద్ది. మా ఊళ్ళో ఏమీ లేనోళ్ళు ఈ బియ్యమే కొనుక్కునేవోళ్ళు. మీ నాన్నగారి మసూరి కొట్లో ఇచ్చేసి, ఇక్కడ ఇంకోమనిషికి సరిపోయేలా కొంటున్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్ను చూసే చూపు చూశాక ఎవరైనా చెబుతారా?"

అప్పుడు నాకు వచ్చింది సిగ్గు కాదు, భయం. ఈ సంగతి మా నాన్నకి తెలిస్తే? మూడో మనిషికి కాదన్నాడు. ఆయన మాటంటే మాటే. రాహేలు వెళ్ళిపోతుంది, వెనకే నేను. పైగా ఆయన్ని ఏమార్చింది సొంత అక్క. ఒక పిడికెడు చేతిలో పోసుకుని అవి ఏ రకమో చెప్పే మనిషి ఆయన.

"మనకి తెలుసని అత్తకి చెప్పొద్దు," అన్నాను.

"అలాగే," అంది రాహేలు. ఈసారి అండీ లేదు.

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. ఒక శుక్రవారం కాలేజీ నుంచి వస్తుంటే గుడివాడ బస్సు మమ్మల్ని దాటుతూ నెమ్మదించింది. సత్తిబాబు ఫుట్‌బోర్డు మీంచి వంగి అరిచాడు.

"నఫీసమ్మా, ఈసారి బస్తా మీ నాన్నగారే తెత్తన్నారు, రేపే. నేనేదో మాటవరసకన్నానమ్మా, మీ అత్తగారు బస్తా ఇంటికి కాకుండా బజారు వైపు తోలించుకుంటన్నారేంటని. ఆయన మొహం మారిపోయింది. నా మీద కోపం పెట్టుకోవద్దని ఆవిడకి చెప్పమ్మా."

పెట్టాల్సిన చిచ్చు పెట్టేసి బస్సు వెళ్ళిపోయింది. రాహేలూ నేనూ మొహాలు చూసుకున్నాం.

ఆ అన్నం నాన్న కంచంలో పడకూడదు. అది ఒక్కటే తెలుసు మాకు. బియ్యమే కనిపించకపోతే? విసిరి రవ్వ చేస్తే మసూరీ ఒకటే, మరోటీ ఒకటే. పెసరపప్పు వేసి ఉప్పిండి చేస్తే ఎవరి ఇంటి గింజో ఎవరూ చెప్పలేరు. శనివారం పొద్దున్నే డబ్బాలో ఉన్న బియ్యమంతా చాటలో ఒంపి కూర్చున్నాం. అంతలో అత్త వచ్చింది. చాట వంక చూసింది, ఖాళీ డబ్బా వంక చూసింది, మా ఇద్దరి మొహాలూ చూసింది. ఆవిడ కనుబొమలు పైకి లేచి అక్కడే కాసేపు ఆగాయి. తర్వాత మంచం కింద నుంచి తిరగలి బరబరా ఈడ్చుకొచ్చి మా ముందు పెట్టింది.

"మెత్తగా పట్టకండి. ముద్దయిపోద్ది," అంది. "వాడికి ఉప్పిండంటే ఇష్టమే."

నాన్నకి ఉప్పిండంటే పడదు. అది నాకూ తెలుసు, అత్తకీ తెలుసు.

తిరగలి తిప్పుతుంటే భుజాలు పడిపోయాయి. రవ్వ జల్లించి, ఆవాలూ మిరపకాయలూ కరివేపాకూ తాలింపు వేసి, పెసరపప్పు కలిపి, ఎసరు మరిగాక రవ్వ పోసి దింపి దూదిలో పాతిపెట్టాం. చింతకాయ పచ్చడి నూరాం. రాహేలు ఉప్పు చూసింది.

నాన్న పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దిగాడు. బస్తా రిక్షావాడి చేత దింపించి, చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగకుండానే ఇంటి నాలుగు మూలలూ చూశాడు.

"అన్నం తిందువుగాని లే నాన్నా, కాళ్ళు కడుక్కో."

"ముందు బియ్యం పొయ్యనీ. డబ్బా ఏదీ?"

ఆపేలోగా వంటగదిలోకి వెళ్ళాడు. డబ్బా తేలిగ్గా లేచింది. నా వంక చూశాడు. మిల్లులో అలవాటు కొద్దీ దాన్ని బోర్లించి అడుగున చేత్తో రెండు దెబ్బలు చరిచాడు. అంచుల్లో ఇరుక్కున్న గింజలు కొన్ని నేల మీద రాలాయి. అంతే, గుప్పెడు కూడా లేవు. మేం చాటలో ఒంపాం గాని ఎవరమూ చరచలేదు.

నాన్న మోకాలి మీద కూర్చుని ఆ గింజల్ని అరచేతిలోకి ఏరుకున్నాడు. వేలితో కదిపి ఒక్కొక్కటే పక్కకి నెట్టాడు. సన్నవి, లావువి, ఎర్రచార ఉన్నది ఒకటి, ఉప్పుడు బియ్యం గింజ ఒకటి. ఉన్నవాటిలో ఒక్కటి కూడా మసూరి కాదు.

"అక్కా," అన్నాడు, తల ఎత్తకుండానే. "సత్తిబాబు ఒక మాటన్నాడు. నేను నమ్మలేదు."

రాహేలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ముందుకు వచ్చింది.

"నా వల్లేనండీ. నా బియ్యం..."

"నువ్వు నోరుముయ్యి," అంది అత్త. వచ్చి నాన్న ఎదురుగా నిలబడింది. "నీ మసూరి అమ్మేశాను. చర్చి దగ్గర చవక బియ్యం కొన్నాను. ముగ్గురికీ అదే పెడుతున్నాను. ఇంకేం తెలుసుకోవాలి?"

"మూడో మనిషికి కాదని చెప్పాను."

"తోడు కావాలన్నావు. తెచ్చాను. తోడంటే నీడనుకున్నావా, తిండి లేకుండా పక్కన నడవడానికి?"

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే ఏమనేవాడివి?"

నాన్న అరచేతిలో గింజల్ని వేలితో మళ్ళీ కదిపాడు.

"ఈ విషయంలో నీ సంగతి నాకు తెలుసురా దస్తగిరీ," అంది అత్త. గొంతు పెంచలేదు. "ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలుసు."

ఆయన అరచేతిలో గింజలు అలాగే ఉన్నాయి. మా నాన్న ఎదటి మనిషి ముందు కళ్ళు దించుకోవడం నేను అంతకుముందు చూడలేదు. కాటా దగ్గర ఎంతమంది రైతులు కేకలేసినా ఆ చూపు కిందకి దిగేది కాదు. ఎందుకు దిగిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా అనుమానమే కదా నాకు. అక్కాతమ్ముళ్ళ మధ్య నాకు తెలియనిదేదో ఉందని మాత్రం పట్టుకున్నాను.

"కాళ్ళు కడుక్కో," అంది అత్త చివరికి. "ఉప్పిండి చల్లారిపోద్ది."

నాన్న గింజల్ని చొక్కా జేబులో వేసుకుని లేచాడు. పీట మీద కూర్చున్నాడు. నేను వడ్డించాను. రాహేలు పచ్చడి వేసింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు, చాలాసేపు నమిలాడు.

"ఉప్పు సరిపోయిందా నాన్నా?"

"ఆఁ." తర్వాత రాహేలు వైపు చూడకుండానే, "ఆ పిల్లని కూడా కూర్చోమను. నిలబడి చూస్తుంటే నాకు ముద్ద దిగదు," అన్నాడు.

నలుగురం తిన్నాం. మళ్ళీ వేయించుకోవడానికి ఆయన కంచం జరిపినప్పుడు అత్త నా వంక ఒకసారి చూసింది, అంతే. తిన్నాక ఆయనే బస్తా విప్పి మసూరి డబ్బాలో నింపాడు. నింపి, చేతులు దులుపుకుని, బస్సుకి టైమైందన్నాడు. నన్ను పుస్తకాలు సర్దుకోమంటాడేమోనని చూశాను. అనలేదు. అలాగని ఉండమనీ అనలేదు.

బస్టాండు దాకా ఆయన వెంట నడిచాను. వాన తెరిపిచ్చింది. వీధిలో నీళ్ళు నిలిచిన చోటల్లా నాన్న ఆగి, నేను దాటేదాకా చూసి నడుస్తున్నాడు. ఆయన ఏమీ అనకపోయేసరికి నాకే ఓపిక చచ్చిపోయింది.

"రాహేలు ఉండొచ్చా నాన్నా?"

"వచ్చే నెల నుంచి మసూరి నూకలు పంపుతాను. మిల్లులో మాకు చవగ్గా ఇస్తారు, ఎక్కువొస్తాయి. అన్నీ ఒక్కసారే ఉడుకుతాయి కూడా. అక్కని ఇంక ఆ చర్చి గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడొద్దని చెప్పు."

"అంటే ఉండొచ్చా?"

"నూకలు ఎవరికి పంపుతానంటున్నాను మరి?" అని కసురుకున్నాడు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం పక్కకి తిప్పుకున్నాను. గుడివాడ బస్సు ఇంజను ఆడుతూ నిలబడి ఉంది. ఆయన మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ దించాడు.

"మీ అత్త బడికెళ్ళింది, తెలుసా నీకు?"

"తెలీదు. నాకెప్పుడూ చెప్పలేదు."

"ఐదో క్లాసు దాకా. నాకంటే బాగా చదివేది. ఆరో క్లాసుకి కాలవ దాటి పక్కూరెళ్ళాలి. ఒక్కత్తినీ పంపనన్నాడు మా నాన్న. తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళమన్నాడు. నేను ఓ వారం వెళ్ళాను. దారిలో కుర్రాళ్ళు వెక్కిరించారు, అక్క కొంగు పట్టుకు తిరిగేవాడని. వెళ్ళనని మొండికేశాను."

కండక్టరు బెల్లు కొట్టాడు. నాన్న బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"అత్త ఏమంది నాన్నా?"

"ఏమీ అన్లేదు," అన్నాడు, రోడ్డు వంక చూస్తూ. "నా పలక అప్పటికే పగిలిపోయుంది. తన పలక శుభ్రంగా కడిగి తుడిచి నాకిచ్చేసింది."